నీలం తిరిగొచ్చిన సీసా

వీరభద్రం మాస్టారి దగ్గర ఎవరైనా కష్టం చెప్పుకుంటే ఆయన ఓదార్చరు. ముందు గాజు సామాను కడగమంటారు. రసాయనశాస్త్రం చెప్పీ చెప్పీ మనిషి రాయైపోయాడని విజయనగరంలో మా కాలేజీవాళ్ళం చాటుగా అనుకునేవాళ్ళం. సత్యవేణి సంగతి చూశాక నేను ఆ మాట అనడం మానేశాను.

సత్యవేణి ఆయన దగ్గర రాగి మీదే పరిశోధన చేసేది. ఆమె తమ్ముడు పైడిరాజుకి తరచూ కామెర్లు వచ్చేవి. రాత్రంతా రాగి చెంబులో ఉంచిన నీళ్ళు కాలేయానికి మంచివని మనవాళ్ళు అంటారు కదా, అంత చదివిన ఈ పిల్లా నమ్మింది. రోజూ పరగడుపున తన చేత్తోనే తాగించింది. వాడు మొహం చిట్లిస్తే బతిమాలి మరీ తాగించింది. చివరికి పెద్దాసుపత్రి డాక్టరు వాడి నల్లగుడ్డు చుట్టూ గోధుమరంగు వలయం చూసి, ఒంట్లో మిగిలిన రాగిని బయటికి పంపలేని పుట్టుజబ్బు ఇదని చెప్పాడు. మందు ఉంది గానీ అప్పటికే ఆలస్యమైంది. ఇంటరు పూర్తికాకుండానే పిల్లాడు పోయాడు.

దినకర్మలయ్యాక ఒకరోజు పొద్దున్నే, నేనూ అక్కడ ఉండగా, ఆమె ల్యాబు తాళంచెవి తెచ్చి మాస్టారి బల్ల మీద పెట్టింది.

"ఊపిరి నిలవాలన్నా ఒంట్లో రాగి ఉండాలని మీరే చెప్పారు మాస్టారూ. ఒక చోట ఎలక్ట్రాను పుచ్చుకుంటుంది, ఇంకో చోట ఇచ్చేస్తుంది, అలా బతికిస్తుందన్నారు. ఆ రాగే నా తమ్ముణ్ణి తినేసింది. పోసింది నేనే. ఇంక నేను మునుపటి మనిషిని ఎప్పటికవుతాను?"

మాస్టారు తాళంచెవి ముట్టుకోలేదు. "ఆ సీసా కడుగమ్మా," అన్నారు.

కడిగింది. ఆయన అందులో మైలుతుత్తం అనే రాగి లవణం కరిగించిన నీళ్ళు పోసి అమ్మోనియా కలిపారు. కళ్ళు చెదిరే నీలం వచ్చింది. సన్నని రాగి తీగ ఒకటి చుట్టచుట్టి అందులో వేసి, గాలికి చోటు లేకుండా అంచుదాకా నింపి, బిరడా బిగించారు. ఆమెను ఎదురుగా కూర్చోబెట్టారు.

మధ్యాహ్నానికి నీలం వెలిసింది. పొద్దు వాలేసరికి సీసాలో మంచినీళ్ళే ఉన్నట్టుంది. తీగ తన ఎలక్ట్రాను ఇచ్చి కరుగుతుంది, నీలం రాగి దాన్ని పుచ్చుకుని రంగు పోగొట్టుకుంటుంది. ఇదంతా ఆమె జూనియర్లకు చెప్పే పాఠమే. అయినా ఆ రోజు సీసాను చూస్తూ వెక్కివెక్కి ఏడ్చింది. నేను టీ తెచ్చి పక్కన పెట్టాను.

"ఇప్పుడు మూత తియ్యి," అన్నారు మాస్టారు.

తీసింది. ఘాటు గుప్పుమంది. గాలి తగిలినచోట, పైన, లేత నీలం పొర కట్టింది. కొంచెం ఒంపేసి ఊపితే సీసా అంతా మళ్ళీ నీలమైంది.

"తిరిగొచ్చేసింది మాస్టారూ," అంది. గొంతులో కాస్త ఆశ వినిపించింది.

"తీగ చూడు."

పట్టకారుతో పైకి తీసింది. పొద్దున్న కత్తిరించగా మిగిలిన ముక్క పక్కన పెడితే, ఇది బాగా సన్నబడి, గరుకుతేలి, ముట్టుకుంటే విరిగేలా ఉంది.

"నీ చెంబు వల్ల వాడికి జబ్బు రాలేదమ్మా. పుట్టుకతోనే ఉంది," అన్నారు మాస్టారు. "అలాగని చెంబు ఏమీ చెయ్యలేదని అబద్ధం చెప్పలేను."

ఏం మనిషీయన అనుకున్నాను. కానీ ఆమె చాలా రోజుల తర్వాత తలెత్తి ఎదుటి మనిషి మొహంలోకి చూసింది. నీ తప్పేం లేదని ఊరంతా చెప్పింది. ఆమె ఒక్కరి మాటా నమ్మలేదు.

"మరి నేను, మాస్టారూ?"

ఆయన తాళంచెవిని మెల్లగా ఆమె వైపు జరిపారు.

"నీలం వస్తుంది. కరిగిన తీగ రాదు. ఆ సీసాకి మాత్రం మళ్ళీ మూత పెట్టకమ్మా."