పట్టుగూటిలో ప్రాణం

అప్పుడెప్పుడో కుందవరాన్ని ఏలే రాజు ఒకాయన ఉండేవాడు. ఆయనకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు వజ్రదత్తుడు, నడిమివాడు శూరసేనుడు, చిన్నవాడు మణిధరుడు.

ఒకనాడు ఏడు సముద్రాల అవతలుండే కరాళుడనే మాంత్రికుడు పొరుగు రాజ్యపు రాకుమారి హేమలేఖను ఎత్తుకుపోయాడు. ఆమెను తెస్తానని వజ్రదత్తుడు జరీపట్టు బట్టలు కట్టుకుని వెళ్లాడు. తిరిగి రాలేదు. శూరసేనుడు ఉన్నిశాలువా కప్పుకుని వెళ్లాడు. అతడూ తిరిగి రాలేదు. మణిధరుడికి ఉక్కపోత పడదు. నూలు పంచె, నూలు అంగీ వేసుకుని బయల్దేరాడు.

ఏడు సముద్రాలూ దాటి కరాళుడి నల్లకోట ముందు దిగాడు. అక్కడ గాలి లేదు, పిట్ట కూత లేదు. వాకిట్లో ఒక గొర్రె వణుకుతూ నిలబడి ఉంది.

"తమ్ముడూ, ఆగు!" అంది గొర్రె.

అది శూరసేనుడి గొంతు! మణిధరుడు దాని దగ్గరికి పరిగెత్తాడు.

"అన్నయ్యా, నువ్వేనా?"

"నేనేరా. ఈ గడప దాటితే ఒంటిమీది బట్టకు ప్రాణం వస్తుంది. ఏ జీవి నుంచి తీశారో ఆ జీవి బాధ మనల్ని చుట్టుకుంటుంది. శాలువా నన్నిలా చేసింది. అన్నయ్యను పట్టుబట్ట ఏం చేసిందో చూడు."

లోపల దూలానికి మనిషంత పట్టుగూడు వేలాడుతోంది. "నీళ్లు కాగుతున్నాయి... తియ్యండి... నన్ను తియ్యండి..." అని అందులోంచి సన్నటి మూలుగు వినిపిస్తోంది.

మణిధరుడు తోలుచెప్పులు విడిచాడు. పిడికి తోలు చుట్టి ఉందని కత్తినీ వదిలేశాడు. వట్టి చేతులతో గడప దాటాడు. పత్తి పత్తిగానే ఉంది. హమ్మయ్య అనుకునేలోపే అంగీ మెడ దగ్గరి ఎర్రంచు కదిలింది! ఆ ఎరుపు లక్కపురుగుల నుంచి తీసిన రంగు. పురుగులు బిలబిలమంటూ గొంతు మీదికి పాకాయి. కెవ్వున అరిచి, అంచు చింపి బయటికి విసిరేశాడు.

ఆ కేకకు కరాళుడు నిద్రలేచాడు. పైన మెట్లు దద్దరిల్లాయి.

"ఇటు రండి, త్వరగా!" అని పక్క గదిలోంచి హేమలేఖ పిలిచింది. ఆమె ముందు మంచు నింపిన గిన్నెలో చిన్న పట్టుగూడు ఉంది. "వాడి ప్రాణం ఇందులోనే ఉంది."

"అయితే నలిపేస్తాను!"

"నలిపితే వాడి క్రూరత్వమంతా నీకు అంటుకుంటుంది," అంది గూటిలోని పురుగు. "నేనుగా బయటికి ఎగిరితే వాడు ఉండడు. అందుకే నన్ను మంచులో పెట్టి నిద్రపుచ్చాడు. కాస్త వెచ్చదనం ఇవ్వండి, చాలు."

ఇద్దరూ గూటిని అరచేతుల మధ్య పెట్టుకుని ఊపిరి ఊదారు. అడుగుల చప్పుడు దగ్గరైంది. తలుపు విరిగింది. చల్లటి వేళ్లు మణిధరుడి గొంతును పట్టుకున్నాయి.

"ఇచ్చెయ్!"

కళ్లు బైర్లు కమ్మాయి. ఒక్క నొక్కు నొక్కితే గూడు చితికిపోతుంది. అయినా అతడు పిడికిలి బిగించలేదు. అంతలో అరచేతిలో తడితడిగా ఏదో కదిలింది. గూడు చీల్చుకుని తెల్లటి సీతాకోకచిలుక వచ్చి, రెక్కలు ఆరబెట్టుకుని, కిటికీలోంచి ఎగిరిపోయింది. గొంతు మీది వేళ్లు బూడిదై రాలాయి.

గొర్రె మళ్లీ శూరసేనుడైంది. పెద్ద గూడు విచ్చుకుని వజ్రదత్తుడు కింద పడ్డాడు.

కుందవరంలో మణిధరుడికీ హేమలేఖకూ పెళ్లయింది. ఇద్దరూ పసుపు అద్దిన నూలుబట్టలే కట్టుకున్నారు. మనవలను ఎత్తుకునేదాకా చల్లగా రాజ్యం ఏలారు. వజ్రదత్తుడు మాత్రం ముసలివాడయ్యాక కూడా, పడుకునే ముందు దుప్పటి తడిమి చూసి, "ఇది పత్తేనా?" అని అడిగేవాడు. "పత్తే అన్నయ్యా" అని తమ్ముడు వచ్చి చెబితే గానీ కన్ను మూసేవాడు కాదు.