ఒకే వరుసలో నలుగురు రాజులు

ఒకానొక రాజ్యంలో జనానికి అంకెల పిచ్చి పట్టుకుంది. ఆ పిచ్చి అంటించినవాడు నాగలింగం. రోజూ పొద్దున్నే కోట వాకిట్లో ముగ్గుపిండితో అడ్డం నాలుగు, నిలువు నాలుగు గళ్ళు గీసి, వాటిలో రెండు మూడు అంకెలు వేసి తప్పుకునేవాడు. మిగతావి జనం నింపాలి. అడ్డవరుసలో చూసినా, నిలువువరుసలో చూసినా ఒకటి నుంచి నాలుగు దాకా అంకెలన్నీ ఉండాలి, ఏదీ రెండోసారి రాకూడదు. అంతే ఆట! పాలవాళ్ళు పాలు పోయడం మరిచిపోయేవాళ్ళు. భటులు బల్లేలు పక్కన పడేసి, "అక్కడ మూడు పెట్టండర్రా!" అని గొంతు చించుకునేవాళ్ళు.

ఆ రాజ్యాన్ని ఏలే ఉద్దండకేసరి మహారాజుకు తనంతటివాడు లేడని గట్టి నమ్మకం. ఒకనాడు పల్లకీ దిగి ఆ గళ్ళు చూశాడు. చూడగానే ముఖం ఎర్రబడింది.

"ఒకటి అంటే ఎవరు? రాజ్యంలో మొదటివాణ్ణి నేను! నన్ను తీసుకెళ్ళి చివరి గడిలో పడేస్తావా?" అని నాగలింగం మీద విరుచుకుపడ్డాడు. "ఎల్లుండి నుంచి ప్రతి వరుసలోనూ ఒకటి మొదటి గడిలోనే ఉండాలి. లేదా, నువ్వు పొలిమేర దాటాలి!"

నాగలింగం లెక్క వేసుకున్నాడు. ప్రతి వరుసకూ ముందు ఒకటి పెడితే నిలువునా అన్నీ ఒకట్లే వస్తాయి, ఆటే పోతుంది. పెట్టకపోతే పుట్టిన ఊరు పోతుంది. ఏడుపు ఒక్కటే తక్కువగా, కొలువులో మాటకారి అయిన తిప్పన్న ఇంటికి పరుగెత్తాడు.

అంతా విని తిప్పన్న తిన్నగా రాజు దగ్గరికి వెళ్ళాడు.

"మహాప్రభూ, రేపు తమ పుట్టినరోజు. తమంతటివారిని ముగ్గుపిండితో రాయడమేమిటి? గళ్ళలో మనుషుల్నే నిలబెడదాం. ఒకటికి కిరీటం, రెండుకు మంత్రి తలపాగా, మూడుకు సేనాపతి కత్తి, నాలుగుకు కొత్వాలు కర్ర!"

"కిరీటం ముందే ఉంటుందిగా?"

"ప్రతి వరుసలోనూ ముందే, ప్రభూ! తమ ఆజ్ఞ పొల్లుపోతుందా?"

రాజు పొంగిపోయాడు.

మర్నాడు కోట వాకిట్లో ఇసుక వేస్తే రాలనంత జనం! మొదటి వరుస మొదటి గడిలో రాజు ఛాతీ విరుచుకుని నిలబడ్డాడు. "మహారాజుకు జయం!" అని వాకిలి హోరెత్తింది. పూలు కురిశాయి. ఆ వెంటనే వెనకనుంచి ఇంకోసారి, "మహారాజుకు జయం!"

రాజు గిరుక్కున తిరిగాడు. వెనక గడిలో వంటశాల కోనప్ప, అట్టకిరీటంతో, మెలితిప్పిన మీసంతో!

"ఎవడివిరా నువ్వు?"

"ఒకటినండి."

"ఒకటి నేను!"

"తమరు మొదటి వరుసకండి. రెండో వరుసకి నేనండి."

"మూడోది నేనేలుతున్నాను బాబూ!" అన్నాడు ఆ వెనక కిరీటంతో ఉన్న డోలు గురవయ్య.

"నాలుగోది నాది! కాస్త వంగండయ్యా, పూలు నాదాకా రావట్లేదు!" అని చివరినుంచి గుర్రపుశాల మల్లడు కేకేశాడు.

జనం పడీపడీ నవ్వారు.

"తిప్పన్నా! ఒక్క రాజ్యంలో నలుగురు రాజులా?" రాజు గర్జించాడు.

"తమ ఆజ్ఞే కదా ప్రభూ! వరుసలు నాలుగు, ప్రతిదానికీ కిరీటం ముందే ఉండాలన్నారు. అన్నీ తమ వీపు వెనకే చేరాయి." అంటూనే తిప్పన్న ఆ ముగ్గుర్నీ వాళ్ళ వాళ్ళ వరుసల్లోనే పక్కలకు జరిపి, తలొక నిలువులో నిలబెట్టాడు. "ఇప్పుడు చూడండి. తమ పక్కన ఎవరన్నా కిరీటంవాడు ఉన్నాడా? వెనక?"

రాజు పక్కకు చూశాడు. వెనక్కి చూశాడు. లేడు.

"నాగలింగం చేసేది ఇదే ప్రభూ. ఒకటి గొప్పతనం ముందు నిలబడటంలో లేదు. అడ్డంగా చూసినా నిలువుగా చూసినా దానికి పోటీ ఉండదు!"

మూటాముల్లే సర్దుకుని వచ్చిన నాగలింగం కళ్ళు మూసుకున్నాడు. రాజు మీసాలు అదిరాయి, భుజాలు కదిలాయి. ఉన్నట్టుండి పొట్ట పట్టుకుని పకపకా నవ్వాడు! తన పట్టుశాలువా తీసి తిప్పన్నకు కప్పి, కొత్త రాజులు ముగ్గురికీ తన పంక్తిలో విందు పెట్టించమన్నాడు.

నాగలింగం ముందుకొచ్చాడు. "ప్రభూ, మరి రేపటి గళ్ళలో ఒకటి ఎక్కడ వెయ్యమంటారు?"

"నీ ఇష్టం వచ్చినచోట వెయ్యవయ్యా," అన్నాడు రాజు, మల్లడి కిరీటం వైపు ఓరగా చూస్తూ. "వీడు మాత్రం నా వెనక లేకుండా చూడు!"