ఓబులమ్మ బండలో మొక్క

అనగనగా, చెట్లకంటే బండలే ఎక్కువున్న ఒక ఊళ్ళో ఓబులమ్మ అని ఒకావిడ ఉండేది తల్లీ. ఉలి పెట్టి ఒక్క దెబ్బ వేసిందంటే నాపరాయి పూరీ విప్పినట్టు రెండు పలకలయ్యేది. ఊరందరి ఇళ్ళమీదా ఆవిడ కొట్టిన బండలే. ఆవిడ మిద్దెకి మాత్రం ఇంత చిల్లు! సరిగ్గా దాని కిందే ఏడాది తిండికి దాచుకున్న జొన్నల గంప.

వానాకాలం వచ్చేస్తోంది. చిల్లు మూద్దామని ఓబులమ్మ ఒక రాయి చీల్చింది. అప్పుడు ఏమైందనుకున్నావ్? లోపల నల్లగా, సన్నగా, కొమ్మలూ రెమ్మలూ వేసుకుని ఒక మొక్క!

“ఏమయ్యో! రాతిలో మొక్క మొలిచుండాది!” అని గంతులేసింది.

“మబ్బు పట్టింది. ముందు బండ ఎత్తు,” అన్నాడు మొగుడు మద్దిలేటి.

“మొక్కను మిద్దెకెక్కిస్తారా యాడన్నా?” అని కసిరింది.

మొదటిరోజు బిందెడు నీళ్ళు పోసింది. ఒక్క ఆకూ పెరగలేదు. ఆ తర్వాత ఆకుమందుల పెద్దన్నను పిలిచింది. ఆయన “దొరకని మూలిక!” అని తేల్చేసి, కాస్త గీకి నూరి, మోకాలి నొప్పికని మద్దిలేటి చేత మింగించాడు. నొప్పి అలాగే ఉంది, పళ్ళు మాత్రం కరకరలాడాయి పాపం. మూడోరోజు, ఆకు తింటుందేమో చూద్దామని మేకను తెచ్చింది. మేక వాసన చూసి, తుమ్మి, పోయి ఓబులమ్మ కొంగు నమిలింది. మేకకున్న తెలివి కూడా లేదు చూడు వీళ్ళకి!

అప్పుడు ఉరిమింది. టపటపా చినుకులు. “నా జొన్నలు!” అని అరిచింది ఓబులమ్మ. ఇద్దరూ బండెత్తుకుని మిద్దెక్కారు. చిల్లు చుట్టూ తడిమట్టి మెత్తి, మొక్క పైకి ఉండేట్టు బండను నొక్కారు. వంకరగా కూర్చుంది. సరిచేద్దామని మళ్ళీ పైకి లేపారు.

చూద్దువు కదా, బండ అడుగున మట్టితో కొమ్మలూ రెమ్మలూ! అచ్చం అలాంటి మొక్కే!

“ఓయమ్మా! దీన్ని ఎవరూ నాటలేదే, నొక్కి లేపితే తడిమట్టే గీసిందే!” అంది ఓబులమ్మ. “అయితే అదీ ఇంతే. ఎప్పుడో రాతి సందులో నల్లనీళ్ళు దూరి గీసినాయి!”

వానలో తడుస్తూ పడీ పడీ నవ్వింది. మద్దిలేటి మాత్రం నవ్వలేదు.

“మరి నేను మింగింది?”

“రాయి!”

ఈసారి మొక్కవైపు కిందికి తిప్పి, బండను గట్టిగా కూర్చోబెట్టింది. జొన్నల్లో ఒక్క గింజా తడవలేదు. అప్పట్నుంచీ రొట్టెలు చేస్తూ తలెత్తి, నీళ్ళు గీసిన ఆ మొక్కను మురిపెంగా చూసుకునేది. నాకైతే ఆ ఓబులమ్మంటే భలే ఇష్టం.

మొక్క మిద్దెకి, మేక దొడ్డికి,
జొన్నలు రొట్టెకి, కథేమో కంచికి,
కళ్ళు మూసుకుని నువ్వు నిద్రకి!