సూరప్ప చెరపని బొట్టు

అనగనగా ఒక ఊళ్ళో కాదర్రా, ఊరి బయట రాజుగారి ఉసిరితోటలో సూరప్ప అని ఒక తోటమాలి ఉండేవాడు. తోటలోనే పాక. పాకలో సూరప్ప, కోడలు దాలమ్మ, ఉయ్యాల్లో ఏడునెలల మనవడు. కొడుకేమో దూరాన కాలవ తవ్వే పనికి పోయాడు. సూరప్ప పెళ్ళాం మొన్న వేసవిలోనే చనిపోయింది పాపం. సూరప్ప మంచివాడే. భక్తి బండెడు, ఆలోచన పిడికెడు.

దసరా వచ్చింది. ఆయుధపూజ నాడు కొడవలి, పార, గొడ్డలి కడిగి అరుగు మీద వరసగా పెట్టాడు. పసుపు పూశాడు, కుంకం బొట్లు పెట్టాడు, నిమ్మకాయలు కోసి చెక్కలు అంచులకి గుచ్చాడు. బాగానే ఉంది. మర్నాడు అవన్నీ తీసి తుడుచుకుని పనిలోకి దిగాలా వద్దా? దిగాడు గానీ తుడవలేదు. అమ్మవారు కూర్చున్న ఇనుమట, బొట్టు చెరిపితే కళ్ళు పోతాయట. సాయంత్రం మట్టి మట్టిగానే అరుగు మీద పెట్టి, దండం పెట్టి, ఇంకో బొట్టు పెట్టేవాడు. బొట్టు మీద బొట్టు, పసుపు మీద పసుపు, మట్టి మీద మట్టి.

ఊ కొడుతున్నారా? చిన్నాడు కొట్టట్లేదు. వాడి ఊ కూడా నువ్వే కొట్టవే, పెద్దదానివి.

అంతలో కార్తీకం వచ్చింది. రాజుగారు ఉసిరిచెట్ల కింద వనభోజనాలకి వస్తామని కబురంపారు. పదో రోజుకి గడ్డీ ముళ్ళకంపా లేకుండా ఉండాలి, ఉంటే సూరప్పకి తోటా లేదు, పాకా లేదు, మూట కట్టుకోవడమే అన్నారు.

సూరప్ప కొడవలి వేశాడు. గడ్డి వంగి దణ్ణం పెట్టి మళ్ళీ లేచి నుంచుంది. పార వేశాడు. అది మట్టి మీద జారి వచ్చి కాలి బొటనవేలికి తగిలింది. గొడ్డలి వేశాడు. కంప కదల్లేదు, భుజం కదిలింది.

కొడవలి కొయ్యదు, పార తవ్వదు, గొడ్డలి నరకదు, సూరప్పకి తోచదు.

నిరుడు ఇవే పనిముట్లు. నిరుడూ ఇదే పూజ. నిరుడు వెన్నలా తెగిన గడ్డి ఈ ఏడు తెగదేం? ఇనుమునేదో దయ్యం పట్టిందనుకున్నాడు. దిష్టి తీసి మరో నాలుగు నిమ్మకాయలు పిండాడు. పులుపు తగిలితే ఇనుము ఏమవుతుంది? ఎర్రగా తుప్పు పట్టింది. అమ్మవారు కుంకం కక్కుతోందని ఇంకాస్త హడలిపోయాడు. రోజులు పోతున్నాయి. కొడవలి కొయ్యదు, పార తవ్వదు, గొడ్డలి నరకదు, సూరప్పకి తోచదు.

ఆరో రోజు మధ్యాహ్నం కసిగా గొడ్డలి ఎత్తి విసురుగా దించాడు. పిడి చేతిలో ఉంది, గొడ్డలి లేదు! అటు చూశాడు, ఇటు చూశాడు. అది వెళ్ళి చెట్టుకి కట్టిన ఉయ్యాల పక్కన, జానెడు దూరంలో నేలలో దిగి ఉంది. ఉయ్యాల్లో పిల్లాడు బోసినవ్వు నవ్వుతున్నాడు.

దాలమ్మ పరుగెత్తుకొచ్చి పిల్లాణ్ణి ఎత్తుకుంది. చెరుకు నరికే ఊరి పిల్ల, కత్తి సంగతి తెలిసినది. వదులైన పిడి చూసింది, మొద్దుబారిన అంచు చూసింది.

"మావయ్యా, వీటిని తుడిచి ఎన్నాళ్ళయింది?"

"తుడవడమా! అమ్మవారి బొట్టు చెరిపితే ఇంకేమన్నా ఉందా?"

"గుళ్ళో అమ్మవారికి నిన్న పెట్టిన పూలు ఇవాళ ఉంచుతారా?"

"ఎందుకుంచుతారు? తెల్లారగానే తీసేసి నీళ్ళు పోస్తారు."

"మరి మీ అమ్మవారు ఏం పాపం చేసింది? నెల్లాళ్ళ నుంచి స్నానం లేదు, వాడిన పూలు, కుళ్ళిన నిమ్మకాయలు. కోపం రాదూ?"

దాలమ్మ చూరులో చెయ్యి పెట్టి జిడ్డోడుతున్న పాత గుడ్డ ఒకటి లాగింది. అది అత్తగారి గుడ్డ. ఏటా దసరా మర్నాటి నుంచి రోజూ, ఆయన లేవకముందే అన్నీ తుడిచి ఆముదం రాసి మళ్ళీ ఓ బొట్టు పెట్టేదట ఆవిడ. మొగుడికి చెబితే భయపడతాడని కోడలికి మాత్రమే చెప్పిందట. సూరప్ప ఆ గుడ్డ చేతిలోకి తీసుకుని కళ్ళకి అద్దుకున్నాడు. నిరుడు గడ్డి ఎందుకు తెగిందో అప్పటికి తోచింది.

ఇక చూడండి, ఇటుక పొడితో తుప్పు రుద్దాడు, సానరాయి మీద నీళ్ళు చల్లి అంచు నూరాడు, గొడ్డలి పిడిలోకి చెక్క చీల బిగించాడు, అన్నిటికీ ఆముదం రాశాడు. ఉయ్యాలని దూరంగా కట్టించాడు. పని కాగానే కొడవలిని గడ్డిలో వదలకుండా చూరుకి తగిలించాడు. కొడవలి కోసింది, పార తవ్వింది, గొడ్డలి నరికింది, సూరప్పకి తోచింది! నాలుగు రోజుల్లో తోట అద్దమైంది.

రాజుగారు వచ్చారు. దిష్టి గుమ్మడికాయ తనే నరుకుతానని ఒరలోంచి కత్తి లాగారు. రాదు. మంత్రి లాగాడు. రాదు. ఇద్దరూ కలిసి లాగితే ఇద్దరూ కలిసే వెనక్కి పడ్డారు. కత్తికి దయ్యం పట్టిందని అందరూ గుసగుసలాడుతుంటే సూరప్ప ముందుకొచ్చాడు.

"మహారాజా, దసరా బొట్టు తుడిచారా?"

రాజుగారు తెల్లమొహం వేశారు. బొట్టుతో, నిమ్మరసంతో అలాగే ఒరలో దోపారట! సూరప్ప ఒరలోకి ఆముదం పోశాడు, కాసేపు నాననిచ్చాడు, మొన ఎవరి వైపూ రాకుండా అందర్నీ పక్కకి జరగమన్నాడు, మెల్లగా లాగాడు. కత్తి వచ్చింది, ఇంత తుప్పుతో. దాన్నీ ఆ పాత గుడ్డతోనే తుడిచాడు. తోట నీదే, పాక నీదే, ఇకనుంచి నా కత్తి కూడా నీదే, ఏటా దసరా మర్నాడు వచ్చి తుడిచిపొమ్మన్నారు రాజుగారు. అందరూ ఉసిరిచెట్ల కింద కడుపునిండా తిన్నారు.

అందుకేనర్రా, అన్నం పెట్టే ఇనుముకి ఒకరోజు పూజ, ఏడాదంతా తుడుపు. కథ కంచి దారి పట్టింది, మీరు దుప్పట్లోకి దారి పట్టండి. ఏదీ, ఊ అనేవాళ్ళే లేరే!