వరసలు విడిచే గుమ్మం: తెడ్డమ్మ తల్లి వెలసిన వైనం

ఏటిగట్టు దిగి చెరకు తోటల మధ్య మైలున్నర నడిస్తే రసాలపాలెం వస్తుంది. ఊరి చివర గోపురం లేకుండా, పెంకుల కప్పుతో, అచ్చం బెల్లం వండే పాకలాగే ఉండేదే తెడ్డమ్మ తల్లి గుడి. కొత్తగా వచ్చిన భక్తులు ఆ గుడి ముందే నిలబడి గుడికి దారెటండీ అని అడుగుతుంటారు. వారి తప్పేమీ లేదు. లోపల అమ్మవారు మూరెడెత్తు నల్లరాతి మూర్తి. చేతిలో శూలం లేదు, కత్తీ లేదు, పాకం కలిపే తెడ్డు ఉంది. గుమ్మానికి అడ్డంగా, తల తగిలే ఎత్తులో ఒక కొయ్య తెడ్డు కూడా కట్టి ఉంటుంది. ఎంతటివారైనా దాని కింద వంగే లోపలికి వెళ్ళాలి. మీసం మెలేసుకుంటూ నిటారుగా వెళ్ళినవారి నుదుటి మీద బొప్పి సాక్ష్యం చెబుతుంది.

పూర్వం ఇక్కడ ఎరకమ్మ అనే ఇల్లాలి బెల్లపు గానుగ ఉండేది. భర్త పోయాక ఆమె కొంగు బిగించి, పరాయి మనిషిని ఒక్కరిని కూడా పెట్టకుండా, పదహారుమంది చుట్టాలతోనే గానుగ నడిపింది. పొయ్యి దగ్గర కొడుకు గురువులు, మడ్డి తీయడానికి మరిది, చెరకు నరకడానికి మేనల్లుళ్ళు. కొండమీది స్వామి కల్యాణానికి పానకపు బెల్లం ఏడు తరాలుగా ఆ గానుగ నుంచే వెళ్ళేది. ఆ గౌరవమే ఎరకమ్మకు ప్రాణం.

ఇంతలో కూతురు పోలమ్మకు పెళ్ళయి, అల్లుడు దాలినాయుడు ఇల్లరికం వచ్చాడు. అల్లుడంటే మాటలా మరి. గానుగలోకెల్లా పెద్ద పని తెడ్డు పట్టడం. పాకం ముదిరే అదను చూసి పెనం దించమనేది తెడ్డు పట్టినవాడే. పెళ్ళయిన మర్నాడే ఆ తెడ్డు అల్లుడి చేతికిచ్చి, కింద పీట కూడా వేశారు.

చిక్కేమిటంటే, దాలినాయుడికి అదను తెలియదు. ఆ సంగతి పదహారుమందికీ తెలుసు, చెప్పే నోరు ఒక్కరికీ లేదు. అల్లుడుగారి మనసు నొస్తుందని గురువులు చడీచప్పుడు లేకుండా మంట తగ్గించేవాడు. మరిది చాటుగా చెంబెడు రసం పోసేవాడు. ఎరకమ్మ అటు తిరిగి బెల్లం గట్టిపడాలని ఇంకో గరిటె సున్నపు తేట వేసేది. ఒకరు సర్దింది ఇంకొకరికి తెలియక, పెనం నిండా సర్దుబాట్లే మిగిలాయి. మూడో ఏడు కల్యాణానికి పంపిన బెల్లం అడుగు మాడి, పైన జావలా జారింది.

కొండ మీద నుంచి అర్చకస్వామి మనిషి వచ్చాడు. “కలిపి చూస్తే స్వామివారి పానకంలో మాడు వాసనేటమ్మా? శుక్రవారం కల్యాణం. బుధవారానికి మంచి దిమ్మ రాకపోతే ఈ భాగ్యం పక్క ఊరివాళ్ళకి పోతాది” అని చెప్పి వెళ్ళిపోయాడు.

ఆ మధ్యాహ్నం ఎరకమ్మ అన్నం ముట్టలేదు. చెరకు కుప్పకు ఆనుకుని కళ్ళు మూసుకుందో లేదో, తెడ్డు భుజాన వేసుకున్న ఒక ముసలమ్మ కలలో వచ్చి ఎదురుగా కూర్చుంది.

“ఎరకా, నీ గానుగలో ఎంతమంది పనోళ్ళే?”

“పదహారుమంది తల్లీ.”

“నాకు చుట్టాలే అవుపిస్తన్నారు, పనోడు ఒక్కడూ లేడు. గుమ్మానికి తెడ్డు కట్టు. దాని కింద వంగి లోపలికొస్తే అత్తా లేదు, అల్లుడూ లేడు. ఏ పనోడికి ఆ పని పేరే. బయటికొస్తే ఎవరి వరస వాళ్ళది.”

ఎరకమ్మ లేచి, తెడ్డు కట్టడానికి రాటలు పాతమంది. గొయ్యి తీస్తుంటే గునపానికి ఖంగుమని రాయి తగిలింది. మన్ను దులిపి చూస్తే తెడ్డు పట్టుకున్న నల్లరాతి అమ్మవారు.

బుధవారం అందరూ వంగి లోపలికి వెళ్ళారు. రసం కాగింది, బుడగ లేచింది, అదను దాటబోతోంది. ఎరకమ్మ మూడేళ్ళుగా “బాబూ” అని తప్ప పిలవని అల్లుడు. అయినా కళ్ళు మూసుకుని అనేసింది.

“తెడ్డునాయుడా, పాకం మాడుతోంది. నీకు అదను తెలీదు. దించు.”

మరిది చేతిలో జల్లెడ చేతిలోనే ఉండిపోయింది. దాలినాయుడు పెనం దింపించి, ఆమె వైపు చూసి, నవ్వాడు.

“మూడేళ్ళ నుంచీ చూస్తన్నాను, ఎవరైనా ఒక్క మాట అంటారేమోనని. ఈ ఆవిరిలో నాకు రంగు ఆనదు. మా ఊళ్ళో నేను ఎడ్లు తోలీవోణ్ణి. తెడ్డు ఒద్దంటే మీకు చిన్నతనమని ఊరుకున్నాను.”

“మరి నాకైనా చెప్పొచ్చు కదా బావా” అన్నాడు గురువులు.

“తెడ్డు లోపల బావేటిరా, ఎడ్లనాయుడు అను” అంది ఎరకమ్మ.

పోలమ్మ తెడ్డు అందుకుంది. బుడగల చప్పుడు విని అదను చెప్పగల పిల్ల ఆమె. కానీ అల్లుడి చేతిలోది తీసి కూతురికిమ్మని అంతవరకు ఎవరంటారు? దాలినాయుడు అదిలిస్తే గానుగ ఎడ్లు పెళ్ళి ఊరేగింపులా నడిచాయి. పొద్దు వాలకముందే బెల్లం పసిమి రంగులో గట్టి దిమ్మ కట్టింది. మరిది ఒక ముక్క నోట్లో వేసుకుని, రుచి తేలలేదని ఇంకో రెండు తిన్నాడు. బండి అప్పుడే కొండకు కదిలింది.

వాకిట్లోకి రాగానే ఎరకమ్మ మళ్ళీ అత్తగారు. అల్లుడికి కాళ్ళకు నీళ్ళిచ్చి, మొదటి విస్తరి వేసి, నెయ్యి వంచింది. “ఇందాకటి మాట మనసులో పెట్టుకోకు బాబూ” అంది.

“మీరేమన్నారత్తా? అన్నది తెడ్డమ్మ కదా” అన్నాడు దాలినాయుడు. ఆ పేరే అమ్మవారికి స్థిరపడింది.

నేటికీ బట్టల కొట్టువారు, హోటలువారు, రైసుమిల్లువారు ఇంటి మనిషిని కొత్తగా పనిలో పెట్టుకునే ముందు కుటుంబంతో ఇక్కడికి వస్తారు. తెడ్డు కింద వంగి వెళ్ళి, ఒకరి పనిలో లోపం ఒకరు చెప్పుకుంటారు. ఒక్కటే చెప్పాలి, పాత చిట్టా విప్పకూడదు. విన్నవారు “సరే” అంటే, చెప్పినవారు వారి నోట్లో బెల్లం ముక్క పెట్టాలి. మొన్న మాఘమాసంలో ఒక కోడలు, గల్లాపెట్టె దగ్గర నిద్రపోతున్నారని మామగారికి చెప్పింది. ఆయన “సరే” అని నోరు తెరిచారు. బయటికొచ్చాక ఆవిడే వంగి ఆయన కాళ్ళకు దండం పెట్టింది. ఆయన మూతికంటిన బెల్లం తుడుచుకున్న జిగురు ఇంకా పోలేదేమో, దీవించిన చెయ్యి కోడలి జుట్టుకు అంటుకుపోయింది. ఆ నవ్వులు ఏటిగట్టు దాకా వినిపించాయి. అలా నవ్వుకుంటూ వెళ్ళే ఇంటివారి పొయ్యి చల్లారకుండా, పంక్తి చీలకుండా అమ్మ చూసుకుంటుంది.