పొగమంచులో శంఖదత్తుడి మాట

అనగనగా, కడలి అంచున, ఏడాదిలో సగం రోజులు మంచులో తేలే రేవు పట్టణం ఒకటి. దాని పేరు శుక్తిపురం. అక్కడ శంఖదత్తుడనే శ్రేష్ఠి ఉండేవాడు.

మోకులు పేనే ఇంట్లో పుట్టినా, ఆయన రాజుగారికే అప్పిచ్చేంత వాడయ్యాడు. ఓడ కట్టాలన్నా, వంతెన వేయాలన్నా ఆయన ధనమే దిక్కు. ఊరి జనమంతా తమ బంగారాన్ని ఆయన దగ్గరే దాచుకునేవారు. ఆయన వీధిలోకి వస్తే వర్తకులు పక్కకు తప్పుకునేవారు.

ఒక ఏడు పాలలాంటి మంచు సముద్రాన్ని కమ్మేసింది. అలల చప్పుడు కూడా కలలో విన్నట్టు ఎక్కడో వినిపించేది. శ్రేష్ఠి ఓడలు ఏడింటిలో ఒక్కటీ తిరిగి రాలేదు. "అన్నీ మునిగిపోయాయట!" అని ఎవరో అన్నారు. ఆ మాట మంచుకన్నా వేగంగా పాకింది.

మొదటి రోజు పదిమంది వచ్చి తమ బంగారం పట్టుకుపోయారు. ఆ భయానికి అప్పులవాళ్లు మీదపడి, ఇద్దరు చిన్న వర్తకుల కొట్లు మూతపడ్డాయి.

"అయ్యా, వాళ్ల గిడ్డంగులు కారుచౌకగా వస్తాయి, కొనేద్దాం" అన్నాడు గుమాస్తా విరూపయ్య.

"మునిగేవాడి వేలి ఉంగరం లాక్కోమంటావా?" అని, శ్రేష్ఠి వాళ్లకే ధనమిచ్చి కొట్లు తెరిపించాడు.

రెండో రోజు వందమంది వచ్చారు.

"బిందెల్లో ఇసుక పోసి, పైన బంగారం పరుద్దాం. చూసి వెళ్లిపోతారు" అన్నాడు విరూపయ్య.

శ్రేష్ఠి వద్దని తల అడ్డంగా ఊపాడు. వచ్చినవాళ్లందరికీ వాళ్ల బంగారం తూచి ఇచ్చాడు.

మూడో రోజు ఊరంతా వచ్చింది.

"పడవ సిద్ధంగా ఉంది, వెళ్లిపోండి!" అన్నాడు విరూపయ్య ఏడుస్తూ.

శ్రేష్ఠి తలుపులు బార్లా తెరిచాడు.

"అయ్యలారా, అమ్మలారా! ఉన్న బంగారం ఇదే. మీలో సగం మందికే చాలుతుంది. మిగిలింది ఓడల్లో ఉంది. అవి మునిగాయో లేదో నాకు తెలియదు. మునిగితే ఈ మేడ అమ్మి మీకిస్తాను. ఇవాళే అవసరమున్నవాళ్లు ముందుకు రండి."

తెరచాపలు కుట్టే ఏకమ్మ అడిగింది: "మేడ అమ్మితే నీకేం మిగులుతుంది, సామీ?"

"ఈ రెండు చేతులమ్మా."

ఆమె ఆయన ముఖంలోకి చూసింది. "మా అమ్మాయి పురుడు వచ్చే నెల. అందాకా ఆగుతాను" అని ఇంటిదారి పట్టింది. ఆమె వెనకే ఒకరు, ఆ వెనక నలుగురు, ఆ వెనక వీధంతా మంచులోకి మెల్లగా కరిగిపోయారు.

తొమ్మిదో ఉదయం మంచు విడిచింది. వెండి నీళ్లమీద అయిదు ఓడలు తేలుతూ వచ్చాయి. రెండు రాలేదు. అన్నమాట ప్రకారం శ్రేష్ఠి మేడ అమ్మి, అందరి బంగారం అందరికీ చేర్చి, రేవు పక్కన పెంకుటింట్లోకి మారాడు.

మర్నాడే ఆ ఇంటి ముందు జనం బారులు తీరారు, తమ బంగారం మళ్లీ ఆయనకే అప్పగించడానికి.

పిల్లలూ, కష్టం ముంచుకొచ్చినప్పుడు ఉన్నది ఉన్నట్టు చెప్పగలిగినవాణ్ణే లోకం నమ్ముతుంది.