అడుగున పడ్డ డబ్బా

అనగనగా, నూలు మిల్లు కూత వేస్తే తప్ప తెల్లవారని ఒక ఊళ్ళో, హైమ అని ఒకమ్మ ఉండేది. ఆమెకి లాస్య అని రెండున్నరేళ్ళ కూతురు. అచ్చం నీలాగే, బుగ్గలు బూరెలు, కాళ్ళకి చక్రాలు. ఊఁ కొట్టు మరి!

హైమది ఆరింటి షిఫ్టు. మొగుడు లారీ మీద ఊళ్ళు తిరిగేవాడు. అందుకని ఆమె చీకటితోనే లేచి, పప్పన్నం కలిపి, డబ్బాలో పెట్టి, పిల్లని త్రిపుర మేడం గారి క్రెష్‌లో దించేది. అందరికంటే ముందు ఆ గడప తొక్కేది లాస్యే.

ఒకరోజు మధ్యాహ్నం లాస్య పక్కపిల్లాడి చెయ్యి కరిచింది. అప్పుడు మేడం పిల్లని మూలన నిలబెట్టింది. మర్నాడు అదే వేళకి ఆయా పోలమ్మ వేలు కరిచింది. అప్పుడు మేడం పిల్లని చున్నీతో కుర్చీకి కట్టేసింది. ఆ తర్వాత, మూడోనాడు, ఏకంగా మేడం మోచెయ్యే కరిచింది!

"మీ పిల్లకి పెంపకం లేదమ్మా. రేపటినుంచి తీసుకురాకు," అంది మేడం.

చూశావా బంగారం? పసిదాన్ని కట్టేసినవాళ్ళేమో పద్ధతి గలవాళ్ళు. కట్టించుకున్నదేమో పెంపకం లేనిది!

క్రెష్ లేకపోతే హైమకి పని లేదు. పని లేకపోతే పొయ్యి వెలగదు. అప్పుడామె "ఒక్కరోజు ఓర్చుకోండి మేడం" అని బతిమాలింది. మర్నాడు సెలవు పెట్టి, ఎప్పటిలాగే ఆరు కొట్టకముందే పిల్లతో వచ్చి, అక్కడే గోడవారన కూర్చుంది.

పన్నెండయింది. పోలమ్మ డబ్బాల బుట్ట తెచ్చింది. పొద్దున ముందొచ్చిన డబ్బా అందులో అడుగున పడుతుంది. ఆ తర్వాత వచ్చినవి దానిమీద. పోలమ్మ పైనుంచి ఒక్కోటీ తీసి, ఒక్కొక్కరికే తినిపిస్తోంది. పదింటికి కార్లో దిగిన పిల్ల తింది. తొమ్మిదింటికి స్కూటర్ మీదొచ్చిన పిల్లాడు తిన్నాడు. నెయ్యి వాసన, పులుసు వాసన. లాస్య గుటకలు మింగుతోంది. ఒకటిన్నరయినా దాని డబ్బా అడుగునే ఉంది.

హైమకి ఒళ్ళు మండిపోయింది.

"ముందొచ్చిన బిడ్డకి ఆఖరి ముద్దా? దానికింకా మాటలు సరిగ్గా రావు. ఆకలని పళ్ళతో చెప్పింది. మూడు రోజులు మొత్తుకుంది!"

"పదేళ్ళుగా ఇదే పద్ధతి," అంది మేడం.

"అయితే పదేళ్ళుగా మిల్లువాళ్ళ బిడ్డల కడుపులు మాడుస్తున్నారన్నమాట!"

ఆ సాయంత్రం హైమ ఆరింటి షిఫ్టు తల్లులందరికీ చెప్పింది. తెల్లారి ఒక్కరూ డబ్బా బుట్టలో వెయ్యలేదు. ఒళ్ళో పెట్టుకుని గుమ్మంలోనే బైఠాయించారు.

"మేం అడిగేది జాలి కాదు, వంతు! ముందొచ్చినోళ్ళకి ముందు పెడతామంటేనే లేస్తాం!"

మిల్లు కూసింది. కదల్లేదు. రెండోసారి కూసింది. కదల్లేదు. మూడోసారీ కూసింది. అప్పుడు పోలమ్మే విసుక్కుంది. "ఒప్పుకోండి మేడం! కరిపించుకోడానికి నాకింక వేళ్ళు లేవు!" అంటూ డబ్బాలన్నీ తీసుకుని, వచ్చిన వరసలో అరుగు మీద పేర్చింది. మేడం సరేనని తలూపింది. తల్లులు లేచారు.

ఆ తర్వాత లాస్య ఎవర్నీ కరవలేదు. వారం తిరిగేసరికి మేడం నవ్వుతూ, "చూశావా హైమా, మా క్రమశిక్షణకి నీ కూతురు ఎలా దారికొచ్చిందో," అంది.

హైమ పిల్లని చంకనెత్తుకుంది.

"దారికొచ్చింది నా కూతురు కాదు మేడం, మీరు."

కథ కంచి దారి పట్టింది,
కునుకు మన తలుపు తట్టింది.